లోపలికి దిగిన మేకులు

మేస్త్రి టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే భార్య పోయి మూడేళ్లయింది.

ఆమె తమ్ముడు మాత్రం కనిపెట్టాడు. నలభై ఎనిమిదేళ్లొచ్చి సగం తల నెరిసినా, అక్క పెట్టిన పిలుపు పోక అతను ఇంకా అందరికీ చిన్నోడే. ఇరవై ఏళ్లుగా బావ కప్పు మీద మేకులు కొడుతుంటే, కిందనుంచి తారు పలకలు అందించేది అతనే.

"బావా, ఆ కుడిచెయ్యి నీదేనా, అద్దెకు తెచ్చావా?"

"నోర్ముయ్యరా. పక్క మీద నలిగింది."

"నాలుగు నెలలనుంచీ రోజూ నలుగుతోందా? ఏం పక్కయ్యా అది, రోకలిబండా?"

మేస్త్రి నవ్వలేదు. మణికట్టులో నొప్పి మోచేతిదాకా పాకుతోందనీ, పొద్దుటి పూట సుత్తి వేళ్లలోంచి జారుతోందనీ చెప్పడం ఇష్టం లేదు. సుత్తి పట్టలేని మేస్త్రిని కప్పు మీదికి ఎవరు పిలుస్తారు? కప్పు దిగితే తనకింక మిగిలేది రెండు గదుల ఇల్లు, అందులో ఒక గ్లాసు. ఆ భయం అతనికి నొప్పికన్నా ఎక్కువగా ఉండేది.

చివరికి చిన్నోడే అతన్ని సామాన్ల దుకాణానికి లాక్కెళ్లాడు. దుకాణం ఆవిడ బల్ల మీద గాలి ఒత్తిడితో మేకులు కొట్టే నెయిల్ గన్‌లు మూడు పెట్టింది. మొదటిదాన్ని ఆవిడే పక్కకు జరిపింది. అది సన్నతల మేకులది, చెక్క చట్రాలకు. కప్పు పలకలకు వెడల్పు తల మేకులు కావాలి. చుట్టలుగా వచ్చే ఆ మేకులు మిగిలిన రెండింటి డబ్బాల్లోనే పడతాయి.

"ఇది మీట నొక్కిపట్టి ముక్కు ఎక్కడ తగిలిస్తే అక్కడ మేకు దింపుతుంది. చాలా వేగం," అందావిడ రెండోది చూపిస్తూ.

"మోకాలికి తగిలితేనో?" అన్నాడు మేస్త్రి.

"మోకాల్లోనూ దింపుతుందండి. దానికి మొహమాటం లేదు."

"మా బావలాగే," అన్నాడు చిన్నోడు.

మూడోది ముక్కు ఆన్చాక ఒక్కో మేకుకూ విడిగా మీట నొక్కాలి. మేస్త్రి దాన్ని ఎత్తి చూశాడు. వాలు మీద ఉన్నట్టు ఒక కాలు స్టూలు మీద పెట్టి, వంగి, చెయ్యి చాపి అలాగే కాసేపు ఉన్నాడు. బరువు మణికట్టు మీద కాక అరచేతిలో కూర్చుంది. ఆ చిన్న ఊరటకు లోలోపల దండం పెట్టుకున్నాడు.

"ఇదే చాలు. వేగం నా వయసుకెందుకు?"

"కంప్రెసర్‌లో గాలి తక్కువతో మొదలుపెట్టండి," అంది ఆవిడ. "మేకు తల చొక్కాకు కుట్టిన గుండీలా కూర్చోవాలి. లేచి ఉండకూడదు, పలకను కోసుకుని లోపలికి పోకూడదు."

మొదటి పని నర్సమ్మ ఇల్లు. ఆసుపత్రిలో నర్సు కాబట్టి వీధంతా ఆమెనలాగే పిలుస్తుంది. పడమటి వాలు కింద ఉన్న గదిలో ఆమె తల్లి ఏడాదిగా మంచం మీదే ఉంది. గదికి ఇంట్లోకెల్లా మంచి వెలుతురు. కానీ కప్పు పాతబడి, వానొస్తే మంచం పక్కన బేసిన్ పెట్టాల్సి వచ్చేది. పాత పలకలు పీకేసి, తారు కాగితం పరిచి, కొత్తవి వేయాలి. రేపు సాయంత్రం గాలివాన ఉందని రేడియో చెప్పింది. ఈలోపు పడమటి వాలు పూర్తయితే చాలు.

పొద్దున చలిగా ఉంది. మొదటి రెండు వరసల్లో మేకులు సగం తల బయటే ఉండిపోయాయి. మేస్త్రి ఒక్కోదాన్నీ సుత్తితో దింపాడు. దెబ్బ దెబ్బకీ మణికట్టులో నిప్పు రగిలింది. ఎనిమిది దాటాక ఉన్నట్టుండి మేకులన్నీ చక్కగా కూర్చోసాగాయి. ఇక సుత్తితో పనే పడలేదు, వంగి తలలు తడిమి చూడనూ లేదు. గన్‌కు తన చెయ్యి అలవాటైందనుకున్నాడు. తన చేతికే గన్ అలవాటైందేమో. ఎండ నెత్తిన మాడుస్తున్నా అతనికి హాయిగానే ఉంది. ఇంకో పదేళ్లు కప్పెక్కొచ్చు. నాలుగు గంటలకల్లా వాలు పూర్తయింది.

మరిచిపోయిన సుత్తి కోసం మళ్లీ పైకెక్కినప్పుడు, చెప్పు అంచు తగిలి ఒక పలక లేచింది. మేస్త్రి దాన్ని వేలితో ఎత్తి కింద చూశాడు.

మేకు తల కనబడలేదు. తల వెడల్పున గుండ్రటి కోత పడి ఉంది. తల పలకను చీల్చుకుని చెక్కలోకి దిగిపోయింది. పలకను పట్టుకునేది తలే. అది కిందికి పోతే మేకు ఉన్నట్టా, లేనట్టా?

పక్క పలక ఎత్తాడు. అదీ అంతే. ఆ పై వరస. ఇంకో పై వరస. మూడో వరస నుంచి శిఖరం దాకా ఎక్కడ చూసినా అదే కోత.

కింద చిన్నోడు గాలి గొట్టం చుట్టుకుంటూ ఉన్నాడు.

"ఒరేయ్, గాలి ఎంత మీద పెట్టావు?"

చిన్నోడు చుట్టడం ఆపాడు.

"నిన్నే. పొద్దున నేను పెట్టింది పెట్టినట్టే ఉందా?"

"రెండుసార్లు పెంచాను బావా."

"ఎందుకు?"

"ఎందుకంటావేం? నువ్వు సుత్తి వేసినప్పుడల్లా కింది పెదవి కొరుక్కుంటున్నావు. కిందనుంచి నాకు కనబడదనుకున్నావా? గాలి కాస్త పెంచితే మేకు దానంతటదే దిగుతుంది, నీకు సుత్తితో పనుండదు కదా అని..." అతని గొంతు తగ్గింది. "ఏమైంది?"

మేస్త్రి దిగొచ్చి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పొద్దున చలికి పలక గట్టిగా ఉంటుంది. ఎండెక్కితే తారు మెత్తబడుతుంది. మధ్యాహ్నం దెబ్బ తగ్గించాలిరా. ఆ గాలి పొద్దుటికే ఎక్కువ, మధ్యాహ్నానికి చెప్పక్కర్లేదు."

"నాకేం తెలుసు? ఇరవై ఏళ్లలో ఈ మాట ఒక్కసారన్నా చెప్పావా?"

మేస్త్రి ఆలోచించాడు. చెప్పలేదు. చెప్పాలని తనకూ తెలియదు. మధ్యాహ్నమయ్యేసరికి తన చెయ్యి దానంతటదే మెల్లగా కొట్టేది. గన్ చేతికొచ్చిన రోజున ఆ తెలివి ఇద్దరి మధ్యా ఎక్కడో జారిపోయింది.

"బావా," అన్నాడు చిన్నోడు గొట్టం పక్కన పెట్టి. "ఏ మేకైనా పై వరస కిందే కదా ఉండేది. ఎవరికీ కనబడదు."

"గాలికి కనబడుతుంది."

"అన్నీ ఊడతాయా ఏంటి?"

"అన్నీ ఊడవు. ఆ ముసలావిడ నెత్తిన ఉన్నవి ఊడితే చాలు."

నర్సమ్మ డ్యూటీకి బయల్దేరుతోంది. ఆమె సంచి సర్దుకుంటుండగానే మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చిన్నోడి పేరు ఎత్తలేదు. గాలి ఎక్కువైంది, చూసుకోలేదు, తప్పు నాదన్నాడు. ఆమె తల్లి గది వైపు చూసింది.

"మా అమ్మను ఆ గదిలోంచి మార్చాలా?"

"మార్చండమ్మా. ఇవాళే."

"ఆ కిటికీ తప్ప ఆవిడకు వేరే లోకం లేదు మేస్త్రిగారూ." సంచి భుజానికి తగిలించుకుంది. "రేపు ఎన్నింటికొస్తారు?"

"వెలుతురు రాగానే. పలకలు చల్లగా ఉండగానే ఎత్తాలి, వేడెక్కితే చిరిగిపోతాయి."

మర్నాడు గన్ చిన్నోడి చేతిలో ఉంది. గాలి మేస్త్రే తగ్గించి, ముందు చెక్కముక్క మీద మూడు మేకులు కొట్టించి చూశాడు. గాలి మొదట పట్టేది అంచునే కాబట్టి కిందనుంచి మొదలుపెట్టారు. మేస్త్రి చదును కడ్డీని పలక కింద దూర్చి మెల్లగా ఎత్తేవాడు. పాత మేకు పక్కన చిన్నోడు కొత్తది దింపేవాడు. మేస్త్రి ఎడమ బొటనవేలితో దాని తల తడిమి, పాత కోత మీద తారుముద్ద పూసి, పలక దించేవాడు. పలకకు నాలుగు మేకులు. నాలుగూ తడిమాడు.

"పిల్లకు జ్వరం చూసినట్టు చూస్తున్నావు," అన్నాడు చిన్నోడు.

"కొట్టు. మాటలకు మేకులు దిగవు."

పదింటికి మబ్బు కమ్మింది. ఆ మబ్బును చూసి మేస్త్రికి భయమేసింది. పలక మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. వానను తెచ్చే మబ్బే ఎండను ఆపుతోంది. మధ్యాహ్నమైనా పలకలు మెత్తబడలేదు. దొరికిందే చాలనుకున్నాడు. కానీ కడ్డీ ఎత్తీ ఎత్తీ అతని మణికట్టు వాచి, వేళ్లు ముడవడం మానేశాయి. ఎడమచేత్తో ఎత్తడం మొదలుపెట్టాడు. పని సగానికి సగం నెమ్మదించింది. చిన్నోడు చూశాడు, ఈసారి ఏమీ పెంచలేదు. కడ్డీ రెండో కొస తానూ పట్టుకున్నాడు.

మూడు గంటలకు గాలికి నిచ్చెన వణకడం మొదలైంది. శిఖరం కింద ఇంకా మూడు వరసలున్నాయి.

"దిగు బావా."

"మూడే రా."

"అక్కకు నేనేం చెప్పను? దిగు."

దిగారు. నర్సమ్మ తల్లి మంచం హాల్లోకి మారింది. ఖాళీ గదిలో బావా బావమరిదీ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చున్నారు. నర్సమ్మ తడిగుడ్డ తెచ్చి, అడగకుండానే మేస్త్రి మణికట్టుకు కట్టి వెళ్లింది. గాలి ఒక్కసారిగా ఇంటి మీద పడింది. పైన ఎక్కడో టప... టప... టపమని ఒక పలక కొట్టుకోసాగింది.

"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడవే," అంది హాల్లోంచి ముసలమ్మ.

"శిఖరం దగ్గర," అన్నాడు మేస్త్రి మెల్లగా. "మనం వదిలేసినవాటిలోది."

టపటప పెరిగి, చర్రుమని చిరిగిన చప్పుడైంది. కిటికీ ముందునుంచి నల్లటిదేదో దొర్లుకుంటూ పోయింది. ఇద్దరూ పైకి చూశారు. రెండోది కొట్టుకోవాలి ఇప్పుడు. వాన మొదలైంది. రెండోది కొట్టుకోలేదు, ఇంకా.

"పలకల కింద తారు కాగితం ఉందిగా," అన్నాడు చిన్నోడు.

"ఉంది."

"ఇకనుంచి గాలి నువ్వే చూసుకో బావా. నేను పైకెక్కుతా. ఎండెక్కగానే నువ్వు కిందనుంచి అరిచి చెప్పు."

మేస్త్రి మణికట్టు మీది తడిగుడ్డ సర్దుకున్నాడు. కప్పు దిగడమంటే ఇదేనా అనుకున్నాడు. ఇంత మామూలుగా, నేల మీద కూర్చుని, బావమరిది నోట.

"అరుస్తాలే," అన్నాడు చివరికి. "వినిపించుకోవాలి మరి."

లేచి, పాత చెమ్మ మరక ఉన్నచోట ఎడమ అరచెయ్యి గోడకు ఆన్చాడు. పొడిగానే ఉంది. చెయ్యి తీయకుండా, పైన వాన చప్పుడు వింటూ అలాగే నిలబడ్డాడు.