ఉచ్చీరమ్మ జడ

దేవనకొండ పక్కన మా ఊరి నాటకంలో ఏటా ద్రౌపది వేషం దుర్గప్పదే. నెత్తిన గోగునార విగ్గు పెట్టుకుని వస్తే జనం పడిపడి నవ్వేవాళ్లు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో మా ఊరి ఉచ్చీరమ్మకు ఆ నవ్వులు విని ఒళ్లు మండింది. "నార పెట్టుకుంటే ద్రౌపది ఎట్లయితావప్పా? నా జుట్టు ఎత్తకపో" అని మోకాళ్లదాకా ఉన్న జడ కత్తిరించి ఇచ్చేసింది. దానితో ఆదోనిలో విగ్గు కట్టించారు.

నాటకం రోజు దుర్గప్ప ఆ జుట్టు విరబోసుకుని వస్తే ఒక్కరూ నవ్వలేదు. దుశ్శాసనుడు ఆ జుట్టు పట్టుకుని సభలోకి ఈడ్చాడు. ఆ వేషం ఉచ్చీరమ్మ మొగుడు లక్ష్మప్పది.

ముందు వరసలోంచి ఉచ్చీరమ్మ లేచింది. "ఏమప్పో, మెల్లగ! అది నా జుట్టు. ఇడుస్తావా, నన్నే పైకి రమ్మంటావా?"

దుశ్శాసనుడు ఠక్కున వదిలేసి దండం పెట్టాడు. జనం ఒకటే ఈలలు. చీరలు పట్టుకుని తెర వెనక నిలబడిన కృష్ణుడికి ఆ ఏడు పనే లేకపోయింది.