పెట్టెలో పెట్టుకున్న గొంతు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. మన మెంఫిస్‌లో థర్మన్ ముసలితనంలో కుర్రవాడైన సంగతి చెబుతాను.

థర్మన్ తన పాటలు తానే కట్టి పాడేవాడు. సోల్ పాటంటే, అదే చర్చి పాటల ఒరవడిలో గుండె విప్పి పాడే పాటంటే, ఈ పేటలో అతనిదే. వెనక నిలబడి వంతపాట అందుకునేది అతని అక్క ఒడెస్సా. ఆ చోటు కోసమే ఆమె బతికింది. జుట్టుకు రంగు వేశాక థర్మన్‌కు కొత్త బుద్ధులు పుట్టాయి. డ్రమ్ము వద్దన్నాడు, ఆర్గన్ వద్దన్నాడు, ఆఖరికి అక్కనూ వద్దన్నాడు. ఒక కరెంటు పెట్టె కొని, పాత రికార్డుల్లోంచి ఆమె గొంతు కత్తిరించి అందులో పెట్టుకున్నాడు.

"నువ్వు కష్టపడక్కర్లేదక్కా. మీట నొక్కితే నువ్వే పాడతావు."

"గొంతు తీసుకుని మనిషిని ఇంట్లో వదిలేస్తున్నావన్నమాట. మోకాళ్ల నొప్పులని నీతో ఎప్పుడైనా అన్నానా?" అంది ఒడెస్సా.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాలులో చేపల విందు. థర్మన్ నీడపట్టునే నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పెట్టె ముందు పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఒడెస్సా ముందు వరస బల్ల దగ్గర కూర్చుని వేయించిన చేప తింటోంది.

మనవాళ్ల పద్ధతి మీకు తెలుసుగా, పాటలో ఒక మాట మనసుకు తగిలితే పాడేవాణ్ని ముందుకు పోనివ్వం. కడుపు నిండేదాకా అదే మాట పాడాలి. థర్మన్ అందులోనే పుట్టి పెరిగాడు. పెట్టెకు మాత్రం ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు.

మొదటి చరణానికే పెద్దావిడ హాటీ చెయ్యెత్తింది. "తొందర లేదు నాయనా, ఆ మాట మళ్లీ అను."

థర్మన్ అలవాటుకొద్దీ వెనక్కి వెళ్లాడు. పెట్టె వెళ్లలేదు. అతనింకా పాడని చరణానికి, పడుచుదనంలోని ఒడెస్సా గొంతుతో "అవును, అవును" అంది.

"అడక్కుండానే అవునంటావేమిటే ఒడెస్సా?" అంది హాటీ.

"నేను కాదమ్మా. నా నోట్లో చేప ఉంది."

హాలంతా గొల్లుమంది. థర్మన్ పాటను తొందరపెట్టి పెట్టె వెంట పరుగెత్తాడు. అందలేదు. చెమటలు కక్కుతూ అక్క వైపు చూశాడు.

"నావంక చూస్తావేం? పెట్టెలో ఉన్నానుగా, దాన్నే అడుగు," అంది ఒడెస్సా ముల్లు తీసి పక్కన పెడుతూ.

పెట్టె తన పాట తాను ముగించుకుని ఊరుకుంది. థర్మన్ ఇంకా సగంలోనే ఉన్నాడు. జనం ఇక నవ్వను కూడా నవ్వలేదు, కేకు కోసుకోవడానికి లేచారు.

అతను అద్దాలు తీసి అక్క పక్కన కూలబడ్డాడు. "మళ్లీ నా వెనక నిలబడతావా అక్కా?"

ఆమె చేతులు తుడుచుకుంది. "నీ వెనక చోటు నువ్వే ఆ పెట్టెకిచ్చావు. నేను వచ్చే బుధవారం నుంచి చర్చి బృందంలో ముందు నిలబడి పాడుతున్నాను. నా వెనక వరసలో ఖాళీ ఉంది. వస్తే రా, అందుకోవడం నేర్చుకుందువుగాని."

వచ్చాడు. ఇప్పటికీ అక్కడే నిలబడుతున్నాడు. ఆ పెట్టె మీద విందులప్పుడు నిమ్మరసం జగ్గు పెడుతున్నాం.

ఇది గుర్తుంచుకోండి. మీ వాళ్లకు చెప్పేటప్పుడు ఇంకేం మరిచినా ఫర్వాలేదు, ఒడెస్సా నోట్లో చేప ఉన్న సంగతి మాత్రం వదిలేయకండి.