పంటకూ వంటకూ మధ్య గీత

నేను ఒక భూతద్దాన్ని. పేరుకు భూతద్దమే గాని, బతుకంతా భయపడుతూ గడిపింది నేనే.

సికింద్రాబాదులో ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో నన్ను సానపట్టి ఇత్తడి చట్రంలో బిగించారు. మొదట గుంటూరులో గడియారాలు బాగుచేసే కరీముల్లా చేతికి వచ్చాను. చూపు మందగించి కొట్టు మూసేస్తూ ఆయన నన్ను నూతక్కి మాణిక్యాంబకు ఇచ్చేశాడు. అప్పట్లో ఆమె చరిత్ర పరిశోధన చేస్తున్న విద్యార్థిని.

"రాళ్ళమీద రాతలు చదువుతావంట గదమ్మా. నీ దగ్గరుంటే దీనికి పని దొరుకుద్ది" అన్నాడు.

పనీ దొరికింది, దాంతోపాటు పాపమూ దొరికింది.

కొమెరగిరి అనే ఊళ్ళో పాత శాసనం ఉందని తెలిసి ఆమె తెల్లవారకముందే బస్సెక్కింది. రాతిమీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పొద్దుటినుంచి ఆమె కడుపులో కాఫీచుక్క కూడా పడలేదు. రాతిపొడి అంటిన కొంగుతోనే నన్ను గబగబా తుడిచింది. నామీద వెంట్రుకంత గీత పడింది.

ఆ గీత ప్రతి అక్షరం మీదా కనబడుతూనే ఉంది. ప్రతిచోటా నన్ను కాస్త పక్కకు జరిపి ఆమె సరిగ్గానే చదువుకుంటూ వచ్చింది. ఒక్క అక్షరం దగ్గర మాత్రం జరపలేదు. పైన తెరిచి ఉన్న 'ప'కు నా గీత మూత పెట్టింది. ఆమె 'వ' అని రాసేసుకుంది. "ఐదూళ్ళవారు వంటసాలకు వడ్లు పోయవలెను." ఆకలి రుచెరగదంటారు, అక్షరం కూడా ఎరగదని నాకు ఆవేళ తెలిసింది.

ఆ ఒక్క మాటమీదే ఆమె డాక్టరేటు లేచింది. బాటసారులకు అన్నం పెట్టిన రాజు గురించి పుస్తకం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఆచార్య అనే పిలుపూ వచ్చింది. సభల్లో ఆమె "వంటసాల" అన్నప్పుడల్లా చేతిసంచిలో నా ప్రాణం గిలగిల్లాడేది. ఎవరైనా లేచి అడుగుతారేమోనని ఎదురుచూసేదాన్ని. ఒక్కరూ అడగలేదు. కడుపు నింపిన రాజు ఉన్నాడంటే మనుషులు సాక్ష్యం అడగరు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆమె రిటైరు కావడానికి నెల ఉంది, పుస్తకం మూడో ముద్రణ ప్రెస్సులో ఉంది. అప్పుడొచ్చింది షహనాజ్, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. ఆ రాయిని శుభ్రంగా కడిగి తీసిన ఫోటో బల్లమీద పెట్టి, చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"ఏమనుకోకండి మేడమ్. అది 'వ' కాదేమోనండీ. 'ప'లా ఉందండీ. పంటసాల."

మాణిక్యాంబ ఆ ఫోటోను దగ్గరికి లాక్కుంది. పంటసాల అంటే ధాన్యపు కొట్టు. ఐదూళ్ళ రైతులు అన్నదానానికి వడ్లు ఇవ్వలేదు, రాజుగారికి పన్ను కొలిచారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

ఆ మాట విన్నాక నా భయం ఇంకా పెరిగింది. ఆ పిల్ల నోరు మూయించడం ఆమెకు ఎంతసేపు పని!

మాణిక్యాంబ పాత నకలు తీసి, నన్ను ఆ అక్షరం మీద పెట్టింది. మెల్లగా పక్కకు జరిపింది. గీత నాతోపాటే జరిగింది. అయిపోయింది, ఇక తప్పంతా నామీదకే వస్తుందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అనడం మనుషులకు కొత్త కాదుగా.

ఆమె ఫోను తీసి ప్రెస్సుకు చేసింది.

"అచ్చు ఆపండి. ముందుమాట మారుస్తున్నాను. ఆఁ, పుస్తకం పేరు కూడా."

ఆ కొత్త ముందుమాటలో నా ప్రస్తావన ఒక్కచోటే ఉంది: "గీత అద్దంలో ఉంది. దాన్ని అక్షరంలో చూసింది నేను." ముప్పై ఏళ్ళ తర్వాత నా భయం తీరింది.

వీడ్కోలు రోజున చరిత్ర శాఖవాళ్ళు నన్ను అద్దాల బీరువాలో పెడతామన్నారు. ఆమె ఒప్పుకోక నన్ను షహనాజ్ చేతిలో పెట్టింది.

"గీత ఎక్కడుందో చూసుకున్నావా?"

"చూసుకున్నానండీ."

"సరే. రాయి దగ్గరికి వెళ్ళేముందు ఏదన్నా తినెళ్ళమ్మా."