టీక్యా చెప్పని సూడాన్

మా బోడగుట్ట తండా పంచాయతీలో ఫిర్యాదుల పెట్టె లేదు. ఆ అవసరం రాకుండా టీక్యా ఉన్నాడు.

నేను ఈ పంచాయతీకి కార్యదర్శిని. పేరు స్పందన, ఊరు జనగామ జిల్లా బచ్చన్నపేట. గూడూరులో ఒక గది అద్దెకు తీసుకుని, రెండేళ్ళుగా రోజూ స్కూటీ మీద తండాకు వచ్చిపోతున్నాను. చేరిన మొదటి రోజే ఆఫీసులో ఫ్యాను తిరగడం లేదని విసుక్కున్నాను. బయట అరుగు మీద కూర్చున్న ఒకాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఫ్యాను అన్న ఉన్నది గద బిడ్డా. ఖార్టూమ్‌ల లడాయి అయినప్పుడు ఫ్యాన్లే ఊడబీక్కపోయిన్రు" అన్నాడు. ఆయనే టీక్యా.

టీక్యా సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో నాలుగేళ్ళు టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ యుద్ధం మొదలైతే బస్సులో సముద్రం దాకా, అక్కడి నుంచి ఓడలో, ఆ తర్వాత విమానంలో ఒక్క చేతిసంచితో ఇల్లు చేరాడు. సామాను అంతా అక్కడే పోయింది గానీ పోలికలు మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నాడు. తండాలో కరెంటు పోతే, "గంటసేపే గద. గాడ పదిదినాలు" అంటాడు. రేషన్ షాపు దగ్గర వరుస పెద్దదైతే, "బియ్యం అయితే ఉన్నయా లేవా? మేము రొట్టె కోసం పొద్దుపొడవక ముందే నిలవడ్తుంటిమి" అంటాడు. బస్సు రాకపోతే, "రాకుంటె రాకపాయె. వచ్చిన బస్సును తుపాకి పట్టినోడు ఆపుతలేడు గద" అంటాడు. ఒక పెళ్ళిలో మాంసంలో ఉప్పు తక్కువైందని ఎవరో అన్నందుకు కూడా సూడాన్ దాకా వెళ్ళొచ్చాడు. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఇబ్బందంతా అక్కడే. అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. నిజం చెప్పేవాణ్ణి ఏం చేస్తాం?

పోయిన డిసెంబరు ఎన్నికల్లో పందొమ్మిది ఓట్లతో గెలిచిన సర్పంచ్ అమర్‌సింగ్‌కు టీక్యా విలువ వెంటనే తెలిసింది. అమర్‌సింగ్ మంచివాడే. ఎవరికీ కాదని చెప్పలేడు, ఎవరికీ పని చేసిపెట్టలేడు. అలాంటివాడికి టీక్యా దొరకడం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. గ్రామసభ అంటే చాలు, తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించి, "కాకా, రా, కూసో" అని మొదటి చాయ్ ఆయనకే ఇప్పించేవాడు.

జనవరి గ్రామసభలో తండా మొదట్లో ఉండే దుర్గమ్మ లేచింది. పోయిన వానాకాలం గూడూరు నుంచి తండాకు వచ్చే దారిలోని వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయింది. కొత్తది కట్టడానికి ఎనిమిది సిమెంటు పైపులు తెచ్చి ఒడ్డున పడేసి వెళ్ళిన కాంట్రాక్టరు మళ్ళీ కనిపించలేదు. ఆ పైపుల్లో మధ్యాహ్నం పూట మేకలు పడుకుంటున్నాయి. "పైపులు మేకల కోసం తెచ్చిన్రా, మా కోసం తెచ్చిన్రా?" అని అడిగింది దుర్గమ్మ.

అమర్‌సింగ్ టీక్యా వైపు చూశాడు. టీక్యా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"దుర్గమ్మక్కా, నీ వాగుల నీళ్ళే పోతున్నయ్. గాడ వంతెనకు ఇటుదిక్కు ఒక ఫౌజు, అటుదిక్కు ఇంకో ఫౌజు. నడుమ మేము. వంతెన దాటేటోడు దాటంగనే బతికున్ననా అని చేతులు కాళ్ళు తడిమి చూసుకుంటుండె. గసొంటి వంతెన కన్న వంతెన లేకపోవుడే నయం."

అందరూ నవ్వారు. దుర్గమ్మ కూడా నవ్వి కూర్చుంది. తీర్మానాల పుస్తకంలో నేను, "కల్వర్టు విషయము చర్చించడమైనది. ప్రజలు సంతృప్తి వ్యక్తపరచినారు" అని రాశాను. చేతిరాత కూడా ముచ్చటగా కుదిరింది.

ఇప్పుడు కాళి అక్క సంగతి చెప్పాలి. గూడూరులో నేను అద్దెకుండేది ఆవిడ ఇంటి మేడమీది గదిలో. ఆవిడ కోడలు సుమన టీక్యాకు ఒక్కతే బిడ్డ. ఏప్రిల్ చివరికి సుమనకు ఏడో నెల దాటింది. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలన్న పట్టింపు తండాలోనూ ఉంది, గూడూరులోనూ ఉంది. అది తప్పితే తల్లికి పదిమందిలో చిన్నతనం. టీక్యా భార్య చంద్రి నెల రోజులుగా అదే పనిలో ఉంది. ఇంటికి సున్నం వేయించింది. నెయ్యి కాచి సీసాల్లో పోసింది. శొంఠి, వాము దంచి డబ్బాల్లో పెట్టింది. ఆ డబ్బాలు ఎవరు ముట్టినా ఊరుకునేది కాదు, ముఖ్యంగా టీక్యా.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ బిడ్డను తీసుకుపోవడానికి వచ్చారు. సుమన అప్పటికే సంచి సర్దుకుని గడప దగ్గర నిలబడింది. వాళ్ళు లంబాడీలో మాట్లాడుకుంటారు, నేనుంటే నా కోసం తెలుగులోకి మారుతారు. నేను మెట్ల మీద కూర్చుని జడ వేసుకుంటున్నాను.

"వదినా, ఏమనుకోకు, పిల్లను ఇప్పుడు పంపను" అంది కాళి అక్క.

చంద్రి చేతిలోని మిఠాయి డబ్బా అలాగే ఉండిపోయింది. "ఏమైంది వదినా? మేమేమన్న తప్పు చేసినమా?"

"తప్పు మీది గాదు, వాగుది. ఈడ నొప్పులు మొదలైతె నేను ఫోన్ చేస్త. ఇరవై నిమిషాలల్ల 108 వచ్చి ఈ గడప ముందట నిలవడ్తది. మీ దిక్కైతె వాగు అవతల నిలవడ్తది. పిల్లకు ఆరుద్ర కార్తెల దినాలు నిండుతయ్. అప్పటికి వాగు పారుతది. కోడల్ని మంచం మీద మోసుకొస్తరా?"

టీక్యా గొంతు సవరించుకున్నాడు. "చెల్లే, సూడాన్‌ల అయితె..."

"అన్నా, జర ఆగు." కాళి అక్క చెయ్యెత్తింది. "నువ్వు సూడాన్ను చూసి మీ తండా మంచిగున్నదంటవ్. నేను గూడూరు నుంచి మీ తండాను చూస్తన్న. నాకు మీ తండానే సూడాన్ లెక్క కొడ్తంది."

మూడేళ్ళలో టీక్యా నోటికి మాట దొరకకపోవడం అదే మొదలు. నాకు నవ్వాగలేదు. చంద్రి ముఖం చూశాక ఆ నవ్వు నాకే రోతగా అనిపించింది. ఆమె మిఠాయి డబ్బాను బిడ్డ చేతిలో పెట్టి, తల నిమిరి, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. "మిర్గం కార్తె లోపల వాగు మంచిగ చేపియ్యుండ్రి, నేనే తోలుకొచ్చి దింపుత" అంది కాళి అక్క వెనక నుంచి. ఆవిడ మాటలో కక్ష లేదు, కోడలి మీద భయమే ఉంది.

మర్నాడు చంద్రి ఆఫీసుకు వచ్చింది. ఎప్పుడూ గడప దాటి లోపలికి రాని మనిషి, వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది.

"జనవరిల వాగు సంగతి అడిగినం గద బిడ్డా. అండ్ల ఏమని రాసినవ్?"

నేను పుస్తకం తీసి చదివాను. ఇంకో మాటేదో కలిపి చదువుదామా అనిపించిన మాట నిజం. కలపలేదు.

"సంతృప్తి అంటె?"

"మంచిగనే ఉన్నదని అనుడు, చిన్నమ్మా."

"ఎవలన్నరు?"

నేను పుస్తకం మూసేశాను. ఆ పొద్దున్నే ఇంజనీరుకు నేను ఫోన్ చేసి అడిగాను. "మీ సభే బాగుందని రాసి పంపితే నేను కాంట్రాక్టర్‌ను ఏమని తొందరపెట్టాలమ్మా?" అన్నాడు. ఆ సంగతి కూడా చంద్రికి చెప్పేశాను.

ఆమె బయట అరుగు మీద కూర్చున్న మొగుడి దగ్గరికి పోయింది. "నువ్వు ఇంటికొచ్చి మూడేండ్లాయె. ఇంక గాడనే ఉన్నవ్. నా బిడ్డను గూడ రానిస్తలేవ్" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే టీక్యా ఏదో ఒకటి అనేవాడు.

మే మొదటి వారంలో గ్రామసభ పెట్టాం. ఆఫీసు ముందు టెంటు వేశారు. అమర్‌సింగ్ అలవాటుగా పక్కన కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. టీక్యా కుర్చీ వైపు రాలేదు. పోయి జనంలో చంద్రి పక్కన చాప మీద కూర్చున్నాడు. చాయ్ చల్లారిపోయింది. ఆయన వంతు రాకముందే లేచి నిలబడ్డాడు.

"సర్పంచ్ సాబ్, వాగు మీద కల్వర్టు ఎప్పుడైతది?"

అమర్‌సింగ్ ముందు తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు. "కాకా, నువ్వే గిట్లంటె ఎట్ల? సూడాన్‌ల వంతెనలు ఎట్లుండెనో జర చెప్పరాదు!"

అందరూ ఘొల్లుమన్నారు. కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. టీక్యా నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు.

"చెప్త. ఇప్పటిదాక చెప్పంది చెప్త" అన్నాడు. "నేను పోయినప్పుడు గాడ లడాయి లేకుండె. మంచి పట్నం. పెద్ద పెద్ద రోడ్లు, రెండు నదులు. మా ఫ్యాక్టరీల ఉస్మాన్ అని ముసలి మేస్త్రీ ఉండె. వాళ్ళ గల్లీల దవాఖానకు డాక్టరు వచ్చుడు బందయ్యింది. ఏమన్రు? 'పల్లెలల్ల దవాఖాననే లేదు, మనకు బిల్డింగ్ అన్న ఉన్నది' అన్రు. నల్లా రెండు దినాలకు ఒకసారి అయ్యింది. 'పక్క గల్లీల వారానికి ఒకసారి' అన్రు. బడి బందయ్యింది. పక్క దేశంల ఇంక ఖరాబున్నదన్రు. ఎవలూ అడగలే. లడాయి వచ్చినంక ఉస్మాన్ నన్ను బస్సెక్కియ్యనీకి వచ్చిండు. ఏమన్నడంటె, 'టీక్యా, మాకన్న అద్వానం ఉన్నోళ్ళను చూసుకుంట చూసుకుంట ఊకున్నం. ఇప్పుడు చూడనీకి మాకన్న కింద ఎవలు లేరు. అందరు మమ్ములనే చూస్తన్రు' అన్నడు."

తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"గా మాట నేను ఈడ ఎవలకూ చెప్పలే. చెప్పుడు మంచిగనిపియ్యలే. మీరు నవ్వే ముచ్చట్లే చెప్పిన. వాళ్ళు చేసిన పనే నేను ఈడ మీతోని చేపిచ్చిన. దుర్గమ్మక్కా, తప్పయ్యింది."

దుర్గమ్మ ఇబ్బందిగా, "ఊకో టీక్యా, నేను గూడ నవ్విన గద" అంది.

అమర్‌సింగ్ తల దించుకుని చాయ్ గ్లాసును అటూ ఇటూ జరిపాడు. "చేపిద్దం కాకా. నేనేమన్న వద్దంటున్ననా? దసరా వరకు ఎట్లన్న జేసి..."

"నా బిడ్డ కడుపు దసరా దాక ఆగది సర్పంచ్ సాబ్" అంది చంద్రి కూర్చున్న చోటి నుంచే. మా సభలో ఆమె గొంతు వినబడటం అదే మొదటిసారి. మళ్ళీ నవ్వులు లేచాయి, కానీ ఈసారి ఆ నవ్వు అమర్‌సింగ్ వైపు తిరిగింది. ఆమె నా వైపు చూసి, "రాయి బిడ్డా" అంది.

రాశాను. "కల్వర్టు లేనందున ప్రజలు సంతృప్తిగా లేరు. వానలకు ముందే పూర్తి చేయవలెనని ఏకగ్రీవముగా తీర్మానించినారు." తొందరలో రాసినందుకు ఈసారి రాత బాగా రాలేదు. కింద నూట పన్నెండు సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. ఆ వరుసలో నిలబడినవాళ్ళు ఒకరొకరుగా నల్లా సంగతి, వీధిలైటు సంగతి, అంగన్‌వాడీ పైకప్పు సంగతి కూడా చెప్పారు. పాపం, మూడేళ్ళుగా దాచుకున్నారు. మధ్యాహ్నం రెండింటి దాకా నాకు అన్నం లేదు. అమర్‌సింగ్ సంతకం చేసి, అందరి ముందూ ఇంజనీరుకు ఫోన్ కలిపాడు. నిజం చెప్పొద్దూ, అడిగేవాళ్ళు వెనక నిలబడితే అతనికీ గొంతు బాగానే లేచింది.

మే ఇరవైకి మేకలను పైపుల్లోంచి వెళ్ళగొట్టారు. మృగశిర నాటికి పైపులు కూర్చున్నాయి, మీద మొరం పోసి చదును చేశారు. పైన కాంక్రీటు ఇంకా పడలేదు. కాళి అక్క కోడలితో ఆటోలో వచ్చి, కల్వర్టు దగ్గర దిగి, ఇటూ అటూ రెండుసార్లు నడిచి, మడమతో తన్ని చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆవిడ సుమనను అంత పరీక్షగా చూసి ఉండదు. ఆ తర్వాతే కోడలిని ఇంటిదాకా తెచ్చి చంద్రి చేతికి అప్పగించింది. చంద్రి ఏడ్చింది. టీక్యా కూడా ఏడ్చాడు గానీ వాము ఘాటన్నాడు.

ఆరుద్ర పోతూ ఉండగా, ఒక పగటి పూట సుమనకు నొప్పులు మొదలయ్యాయి. పొద్దున్నే వాన కురిసి వెలిసింది, వాగు పైపుల కింద నుంచి ఎర్రగా పారుతోంది. ఫోన్ చేసిన ఇరవై ఐదు నిమిషాలకు 108 టీక్యా గుమ్మం ముందు ఆగింది. అంబులెన్సు ఇంటి ముందుకు రావడం చూడటానికి తండా అంతా చేరింది. చంద్రి, సుమన ఎక్కారు. టీక్యా తలుపు పట్టుకుని ఎక్కబోతున్నాడు. డ్రైవర్ టైర్లకు పట్టిన బురద చూసుకుంటూ, "కల్వర్టు దాటినంక ఇదేం రోడ్డు పెద్దాయనా, అన్నీ గుంతలే" అన్నాడు.

అందరూ టీక్యా నోటి వైపే చూశారు. అమర్‌సింగ్ అయితే కాస్త ఆశగానే చూశాడు.

"అవు బిడ్డా, మంచిగ లేదు" అన్నాడు టీక్యా. "మహబూబాబాద్ దవాఖాన నుంచి వచ్చినంక గీ రోడ్డు సంగతి గూడ అడుగుతం. నువ్వైతె పైలంగ పోనియ్యి."