ఆదెయ్య ఫ్లెక్సీ

ముత్యాలయ్య కీబోర్డు వైపు చూడకుండా ఎవరిదో పాసుబుక్కు అర్జీ టైపు చేస్తున్నాడు. చూపుడువేళ్ళ చివరలు కాయ కట్టి గట్టిపడ్డాయి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక దువ్వెన. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా కుర్చీకి వీపు ఆనించి కూర్చోవడం ఆయనకు రాలేదు. పద్దెనిమిదేళ్ళు నెల్లూరులో ఒక ప్రెస్సులో నిలబడి సీసపు అక్షరాలు కూర్చాడు. అది మూతబడ్డాక తోటపల్లి గూడూరులో ఈ జిరాక్సు అంగట్లో చేరి ఇరవై రెండేళ్ళయింది. పెళ్ళిపత్రికలు, రొయ్యల చెరువుల లీజు కాగితాలు, చావు ఫ్లెక్సీలు. ముత్యాలయ్య కొడితే తప్పుండదని మండలంలో అనుకుంటారు. ఆ మాట తప్ప ఆయన సంపాదించుకున్నది పెద్దగా ఏమీ లేదు.

పక్క అంగడి టైలరు అల్లాబక్షు మెడలో టేపుతోనే వచ్చి సెల్లు ముందు పెట్టాడు.

"ఏందన్నా, మన ఆదెయ్య ఎప్పుడు దొరల్లో కలిసినాడు?"

అది ఆదెయ్య పెళ్ళాం రెబెక్కమ్మ ఇంటి ముందర కట్టిన ఫ్లెక్సీ. ఈమధ్యే పోయిన రొయ్యల చెరువు కాపలా మనిషి ఆదెయ్య ఫొటో బాగానే పడింది. కింద పేరుండాల్సిన చోట ఎర్రగా, మూరెడు ఎత్తున, ఒక డాలరు గుర్తు, నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు అక్షరం, ఒక కొక్కెం, సగం బ్రాకెట్టు. ఆ కింది వాక్యమంతా అదే తంతు.

నవ్వబోయిన అల్లాబక్షు ఆయన మొహం చూసి ఆగాడు. "సర్లే అన్నా, గుండీలు కుట్టేది ఉండాది" అంటూ వెళ్ళిపోయాడు.

ముత్యాలయ్య చెవులు వేడెక్కాయి. ఫ్లెక్సీ అచ్చు వేసేది నెల్లూరులో. ఇక్కడ తయారుచేసి మెయిల్లో పంపితే సాయంత్రం బస్సులో ఫ్లెక్సీ చుట్ట వస్తుంది. పంపేముందు అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చాలి. ఎందుకో తెలియకుండానే ఏళ్ళ తరబడి మారుస్తూ వచ్చాడు. నాలుగు రోజుల కిందట రెబెక్కమ్మ కౌంటరు పట్టుకుని నిలబడి, ఏడవకుండా, తెర మీది మొగుడి ఫొటోనే చూస్తూ ఉంటే, ఆమెను తొందరగా పంపించేయాలని ఆ ఒక్క పని మరిచాడు. చుట్ట వచ్చాక విప్పబోతే, "చూసి నాకేం తెలస్తాదన్నా, నువ్వు చేసినావు గదా, చాలు" అని చంకన పెట్టుకుపోయింది. ఆయనా విప్పలేదు.

అంగడి యజమాని నరేంద్రబాబు నెల్లూరుకు ఫోను చేసి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, కంప్యూటర్లు చదివినవాడు.

"వాళ్ళు కొత్త సిస్టం పెట్టినారంట. దాంట్లో మన ఫాంటు లేదు."

"లేకపోతే? నేను కొట్టింది తెలుగే గదా అబ్బయ్యా?"

"నువ్వు 'ఆ' కొడితే లోపలికి 'ఆ' పోదన్నా. ఒక నంబరు పోతాది. అదీ ఒకట్లూ సున్నాలే. ఆ నంబరుకు ఏ బొమ్మ గీయాలో చెప్పేది ఫాంటు. మన పాత ఫాంటు ఇంగ్లీషోడి నంబర్లలో తెలుగు బొమ్మలు దాచుకుంది. ఫాంటు తీసేస్తే ఆ నంబర్లకు ఇంగ్లీషోడి బొమ్మలే వస్తాయి."

ముత్యాలయ్యకు ప్రెస్సులోని గళ్ళపెట్టె కళ్ళముందుకొచ్చింది. ఏ గడిలో ఏ అక్షరముందో చేతికి తెలుసు, చూడక్కర్లేదు.

"అంటే నేను పంపింది అక్షరం గాదు. ఫలానా గడి అని చెప్పినా. వాళ్ళ పెట్టెలో ఆ గడిలో వేరేది ఉండాది."

"అంతే. ఇప్పుడు యూనికోడ్ వచ్చినాక లోకానికంతా ఒకటే పెట్టె. మన 'ఆ'కు సొంత నంబరే ఉంది. మూడువేల డెబ్బై ఎనిమిది. పదహార్ల లెక్కలో అయితే సున్నా, సి, సున్నా, ఆరు. ఆదెయ్యంటే మొత్తం ఆరు నంబర్లు." నరేంద్రబాబు గొంతు తగ్గించాడు. "నేర్చుకో అన్నా అని రెండేళ్ళ నుంచి చెప్తానే ఉండా."

ముత్యాలయ్య కీబోర్డు వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళుగా లోపల అక్షరాలే ఉన్నాయనుకున్నాడు.

ఆదెయ్య కోసం ఇంటి దగ్గర పెట్టిన ప్రార్థన, ఆదరణ కూడిక, ఈ రోజే, నాలుగు గంటలకు. కొత్త ఫ్లెక్సీ సాయంత్రం బస్సుకుగానీ రాదు. ఆయన కొత్త ఫాంటులో ఒక్కో వేలితో వెతికి కొట్టి, ఒక్కో అక్షరం ఒక్కో కాగితానికి నిండుగా ప్రింటు తీశాడు. ఆ. దె. య్య. జిగురు సీసా సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. చెరువుల గట్టు మీద ఎదురుగాలి. రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. అన్నం తినలేదన్న సంగతి సగం దూరం పోయాక గుర్తొచ్చింది.

ఫ్లెక్సీ రెండు సరుగుడు కర్రల మధ్య బిగించి కట్టి ఉంది. దాని ముందర ఎవరో నీళ్ళు చల్లి ఊడ్చారు.

"రా అన్నా" అంది రెబెక్కమ్మ. "అందురూ బాగుండాదన్నారు. ఇంగ్లీసులో ఏయించినావే అనింది మా వియ్యపురాలు."

ఆమె మొహంలో ఆ కాస్త వెలుగు చూసి ఆయన సంచిలో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాను చెప్పకపోతే ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. షామియానా కర్ర పట్టుకున్నాడు.

"అది ఇంగ్లీసు గాదమ్మా. ఏ బాసా గాదు. నా తప్పు."



"ఆయన పేరు లేదా దాంట్లో?"

"లేదు."

"మూడు దినాలుగా పొద్దున్నే లేచి దాన్నే తడుముతా ఉండా" అంది ఆమె. తిట్టినట్టు అనలేదు.

ఆయన గబగబా కాగితాలు తీశాడు. "పైన అంటిచ్చేస్తా. రెండు నిమిషాలు."

రెబెక్కమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. "వద్దన్నా. ఇప్పుడు అంటిస్తే ముందుది తప్పని తెలిసిపోదా? చదువు రానిది, మొగుడి పేరు గూడా గుర్తుపట్టలేదని..." వియ్యపురాలు కూర్చున్న వైపు చూసి ఆపేసింది. "ఉండనీ."

తాను ఇంత దూరం వచ్చింది ఆదెయ్య పేరు నిలబెట్టడానికా, ముత్యాలయ్య పేరు నిలబెట్టుకోడానికా? ఆ ప్రశ్న అప్పుడు తగిలింది ఆయనకు. జిగురు సీసా సంచిలో వేసేశాడు.

ఆమె కాగితాలు తీసుకుంది. "ఏది ముందు?"

ఆయన ఒక్కొక్కటే చూపించాడు. ఆమె వాటిని చీర చెంగు చాటున పెట్టుకుని లోపలికి పోయింది.

పాస్టరుగారు వచ్చి ఫ్లెక్సీని ఒకసారి చూశారు, బైబిలు తెరిచారు. ఆదెయ్య పేరు మాత్రం నాలుగైదు సార్లు గట్టిగా పలికారు. పలికిన ప్రతిసారీ వెనక వరసలో ముత్యాలయ్య తల ఇంకాస్త కిందికి వాలింది. పాట ఎత్తుకోగానే లేచాడు. భోజనాల దాకా ఉండే మొహం లేదు.

సైకిలు ఇంటి పక్క గోడకు ఆనించి ఉంది. తీసుకుంటూ కిటికీలోంచి చూశాడు. ఆదెయ్య మంచం ఖాళీగా ఉంది. పరుపు లేని నులక మీద, తల పెట్టుకునే వైపు, కాగితాలు మూడూ పరిచి ఉన్నాయి. వరస తప్పలేదు. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా ఆమె ఒకదాని మీద చెంబు పెట్టింది, ఒకదాని మీద మందుల సీసా. చివరిదాని మీద, ఆదెయ్య రోజూ చెరువు గట్టుకు పట్టుకుపోయే టార్చిలైటు, పగిలిన అద్దానికి చుట్టిన గుడ్డపేలికతో సహా.