ఇరవై మూడు రోజులు

ఆ ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రక్తం గొట్టాలను యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పించే పని ఆమెది కాబట్టి అందరికీ గిరగిరక్క. వినడానికి ముద్దుగానే ఉంటుంది గానీ, ఆ పేరు ఆమె కింద పడ్డాక వచ్చింది. నాలుగేళ్ళ కిందటి వరకూ హార్మోన్ల ల్యాబుకు ఆమే ఇన్‌చార్జి. అప్పుడు ఆమె మేడమ్.

కింద పడేసినవాడు పెద్ద డాక్టరు. షుగరు మీద ఆయన పరిశోధన చేస్తున్న రోజుల్లో ముప్పై మంది రక్తాన్ని ఫ్రిజ్‌కు పంపకుండా రెండు రోజులు తన గదిలోనే ఉంచుకున్నాడు. ఫలితాలు అడ్డదిడ్డంగా వచ్చాయి. తన తప్పు తాను ఒప్పుకుంటే గొడవే ఉండేది కాదు. ఆయన ఒప్పుకోలేదు సరికదా, సెమినారు హాల్లో రెండు వందల మంది ముందు ఆమెను నిలబెట్టి, ల్యాబు నిర్లక్ష్యానికి క్షమించమని ఆమె చేతే కాగితం చదివించాడు. ఆమె తల కొట్టేసినట్టయి చదువుతుంటే, ముందు వరుసలో కూర్చుని కాఫీ ఊదుకుంటూ తాగాడు. ఆ ఊదుకోవడాన్ని ఎవరు మాత్రం మరచిపోతారు?

నాటి నుంచి ఆమె నమూనాలు తీసుకునే కిటికీ దగ్గర కూర్చుంటోంది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆయన ఎదురైతే నవ్వుతూ నమస్కారం పెట్టేది, లోపల పళ్ళు నూరుకునేది. ఆ మనిషి ముక్కు నేలకు రాయించకుండా రిటైర్ కానని ఒట్టు పెట్టుకుంది.

ఈసారి పెద్ద డాక్టరు కన్ను థైరాయిడ్ మీద పడింది. గ్రంథి మందగించినవాళ్ళు జీవితాంతం మింగే మాత్ర స్థానంలో తాను తయారు చేయించిన క్యాప్సూల్ చాలునని నిరూపించాలి. నలభై మంది చేత సంతకాలు పెట్టించి, పాత మాత్ర మాన్పించి, క్యాప్సూల్ మొదలుపెట్టాడు. గ్రంథి సరిగ్గా పని చేయకపోతే టీఎస్‌హెచ్ అనే సంఖ్య పెరుగుతుంది, నాలుగు దాటకూడదు. నెల తిరిగేసరికి నలభై మందికీ రెండు, మూడు, ఒకటిన్నర. పెద్ద డాక్టరు నేల మీద నడవడం మానేశాడు. పెద్ద సదస్సులో ఈ విజయాన్ని తానే ప్రకటిస్తానని ఊరంతా చాటింపు వేసుకున్నాడు.

ఆ నలభై మందిలో ఒకామె దర్జీ. అరవైకి దగ్గర పడ్డ మనిషి, నోరు మంచిది. మొదటి రోజే గిరగిరక్క కోటు జేబు చిరిగి వేలాడడం చూసి, సంచిలోంచి సూదీ దారం తీసి, కిటికీలోంచే కుట్టేసింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ పిన్నీ, తల్లీ అని పిలుచుకుంటున్నారు.

ఒక మంగళవారం పిన్ని వచ్చినప్పుడు ఆమె మొహం ఉబ్బి ఉంది. గొంతు బొంగురుపోయింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి రెండు స్వెట్టర్లు వేసుకుని వణుకుతోంది. కాసేపటికి ఆమె టీఎస్‌హెచ్ యంత్రంలోంచి వచ్చింది. రెండు.

గిరగిరక్క ఆ సంఖ్యను చూసింది, పిన్ని వెళ్ళిన దారిని చూసింది. మిగిలిన రక్తాన్ని తీసుకెళ్ళి, మూలన పడి ఉన్న పాత యంత్రంలో పెట్టింది. అది వేరే పద్ధతిలో కొలుస్తుంది. చీటీ బయటికి వచ్చింది. అరవై నాలుగు!

క్యాప్సూల్ వేసుకునేవాళ్ళలో ఇంకో పదకొండు మంది రక్తం పెట్టి చూసింది. అన్నీ యాభై పైనే. క్యాప్సూల్ పెట్టె తిప్పి చదివితే అసలు సంగతి తెలిసింది. జుట్టు రాలకుండా ఉంటుందని పెద్ద డాక్టరు పట్టుబట్టి అందులో బయోటిన్ అనే విటమిన్ దండిగా కలిపించాడు. రక్తంలో అది ఎక్కువగా ఉంటే కొత్త యంత్రం మోసపోయి తక్కువ సంఖ్య చూపిస్తుంది. క్యాప్సూల్ రోగాన్ని తగ్గించలేదు, యంత్రానికి గంతలు కట్టిందంతే. ల్యాబు చదువులో మొదటి ఏడాదే నేర్పే పాఠం ఇది. పెద్దవాళ్ళకు మొదటి ఏడాది పాఠాలు గుర్తుండవు.

పన్నెండు చీటీల మీదా తేదీ వేసి, సంతకం పెట్టి, పిన్ను గుచ్చి బీరువాలో దాచింది. సదస్సుకు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. ఆమెకు చంకలు గుద్దుకోవాలన్నంత సంతోషం కలిగింది.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, నిదానస్తుడు.

"ఇప్పుడే చెప్పెయ్యరాదా?" అన్నాడు.

"ఎవరికి చెప్పమంటావు? ఆయనకేనా? గప్‌చుప్‌గా సర్దేసుకుని, నెపం మళ్ళీ నా నెత్తిన రుద్దుతాడు. ముందు ఆయన్ని స్టేజీ ఎక్కనీ. వెయ్యి మంది చప్పట్లు కొట్టాక నేను లేచి నిలబడతా."

"మరి ఆ నలభై మంది?"

"ఇరవై ఆరు రోజులకి ఎవరూ చచ్చిపోరులే."

భర్త భూతద్దం కంటికి పెట్టుకుని, విప్పిన గడియారం మీదికి వంగాడు. ఆయన అలా పనిలో దూరితే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ పూట కంచాలు కాస్త గట్టిగానే కడిగింది.

మరుసటి వారం పిన్ని వచ్చి ఎడమ చేయి చూపించింది. వేలు ఉబ్బిపోయి ఉంగరాన్ని కోయించాల్సి వచ్చింది.

"సూదిలో దారం ఎక్కించలేకపోతున్నా తల్లీ. కుట్టుమిషను ముందే కునుకు పడుతోంది. డాక్టరుగారేమో నంబర్లు బంగారంలా ఉన్నాయి, నీదంతా మనోవ్యాధి అంటున్నారు. నిజమేనంటావా?"

నిజం గిరగిరక్క నాలుక చివరనే ఉంది. పాత మాత్ర వేసుకో పిన్నీ అంటే చాలు, నాలుగు మాటలు. కానీ పిన్ని అమాయకంగా వెళ్ళి డాక్టరునే అడుగుతుంది, ఆయనకు అనుమానం వస్తుంది, నాలుగేళ్ళ పగ నీళ్ళపాలవుతుంది.

"ఇంకోసారి డాక్టరుగారినే అడుగు పిన్నీ" అంది.

"ఎందుకులే. ఆ నంబర్లు తీసేది నువ్వేగా, నాకదే చాలు" అని పిన్ని మెల్లగా మెట్లు దిగింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి దిగింది. కిటికీలోంచి అది కనబడుతూనే ఉంది. గిరగిరక్క తల వంచుకుని గొట్టాల మీద చీటీలు అంటించింది. బుద్ధి గడ్డి తింటే మనిషి చేతులు మాత్రం చక్కగా పని చేస్తాయి.

సదస్సు మూడు రోజులుందనగా, పొద్దున తొమ్మిదింటికి పిన్నిని స్ట్రెచరు మీద తెచ్చారు. కూతురు లేపితే లేవలేదట. ఒళ్ళు మంచుగడ్డ, నాడి నిమిషానికి ముప్పై ఆరు. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మకు థైరాయిడ్ మీదే అనుమానం వచ్చి పెద్ద డాక్టరుకు ఫోను చేసింది.

"థైరాయిడ్ కానే కాదు. మా దగ్గర నంబర్లన్నీ చక్కగా ఉన్నాయి. వేరే ఏదైనా చూసుకోండి" అన్నాడాయన.

ఆ మాటలు విన్న నర్సు, పిన్ని రక్తం గొట్టం తెచ్చి కిటికీలో పెడుతూ యథాలాపంగా చెప్పింది. గిరగిరక్క చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసింది. బీరువా తెరిచి, పిన్ని చీటీ లాక్కుని, రెండంతస్తులు చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరుగెత్తింది.

"థైరాయిడే! ఆ నంబర్లు తప్పు. ఇది చూడండి, మందు ఎక్కించండి" అని డాక్టరమ్మ చేతిలో చీటీ కుక్కింది. డాక్టరమ్మ సంఖ్యను చూసి, చీటీ తిరిగి ఇచ్చేసి, సూది మందు తెప్పించింది. తేదీ చూసే తీరిక అప్పుడు లేదు.

పిన్ని బతికింది. మూడో రోజుకు కళ్ళు తెరిచింది. ఈలోగా మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ ఫోన్లు వెళ్ళాయి, పాత మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, సదస్సులో పెద్ద డాక్టరు ప్రసంగం రద్దయింది.

బీరువాలో చీటీలున్న సంగతి ఎలాగో చెవిన పడి, పెద్ద డాక్టరు నాలుగేళ్ళలో మొదటిసారి కిటికీ దగ్గరికి తానే నడిచి వచ్చాడు.

"అమ్మా, ఇదంతా ఆమె పడిపోయిన రోజే బయటపడిందని రాద్దాం. నాకు అనుమానం వచ్చింది, నువ్వు పరీక్ష చేశావు. ఆ పాత చీటీలు చించెయ్. ఇన్‌చార్జి కుర్చీ నీకు తిరిగి ఇప్పించే పూచీ నాది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. చించేస్తే ఇద్దరూ బయటపడతారు. చూపిస్తే ఇద్దరూ మునుగుతారు. కుర్చీ మీద ఆశ లేదని కాదు, ఉంది. కానీ ఆయన తనతో పాటు క్షేమంగా గట్టెక్కడం ఊహించుకుంటేనే ఆమెకు కడుపు మండిపోయింది.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు, ఒక పక్కన పెద్ద డాక్టరు. పన్నెండు చీటీలూ బల్ల మీద పరిచింది.

"మొదటిది ఎప్పటిది?" అని ఒకాయన అడిగాడు.

"ఆ దర్జీ పడిపోవడానికి ఇరవై మూడు రోజుల ముందుది."

"అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు?"

"ఈయన్ని పదిమందిలో పట్టుకుందామని" అంది. ఇంత మందికి కీడు జరుగుతుంటే కళ్ళు మూసుకున్నాడని పెద్ద డాక్టరు పరిశోధనలన్నీ ఆపేశారు, క్షమాపణ రాయించారు. ఆ కాగితం ఆయన చేతే చదివించారు. ఆమెనూ ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేస్తే తీసేశారు. నాలుగేళ్ళ తరువాత ఆమె కడుపు చల్లబడింది.

ఆ చల్లని కడుపుతోనే వార్డుకు వెళ్ళింది. పిన్ని దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం వాపు కాస్త దిగింది.

"వాడి పని అయిపోయింది పిన్నీ! నిన్ను ఇంత చేసినవాడికి తగిన శాస్తి జరిగింది" అంది గిరగిరక్క.

పిన్ని ఉంగరం లేని వేలిని నిమురుకుంది.

"అవునట, నర్సులు చెప్పారు. చీటీల సంగతి కూడా చెప్పారు. నేను ఉంగరం కోయించుకుని వచ్చిన రోజుకి నీకు తెలుసా?"

గిరగిరక్క తల ఊపింది.

"ఆయనకి తెలీదు తల్లీ. పొగరు, అంతే. నీకు తెలుసు." పిన్ని గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "పోలీసులకి ఇవ్వడానికి మా అమ్మాయి చేత ఫిర్యాదు రాయించాను. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నీ పేరే ముందు పెట్టించాను."