కనాంగ్ కొండ

"ఇక చాల్లే తల్లీ, చేతులు నొప్పెడతాయి" అంది అత్తగారు.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ చేతుల సంగతి ఆవిడకు గుర్తు రావడం ఇదే మొదలు. కనాంగ్ రోకలి ఆపలేదు. మొక్కజొన్న నలుగుతూనే ఉంది. గాలిమరల కంపెనీవాళ్లు ఇవాళ కొండెక్కుతున్నారు, ప్రేమ పుట్టకేం చేస్తుంది!

ఇండోనేసియాలోని ఆ జెనెపొంతొ సీమలో పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురికి కొంత నేల ఇవ్వాలి. సున్‌రంగ్ అనే ఆ నేల ఆమె సొంతం, మొగుడు కూడా ముట్టుకోకూడదు. అత్తగారు కింది చేలన్నీ కొడుకులకు దాచుకుని, మేకలు కూడా మూతి పెట్టని రాళ్లకొండను ఇమాము ముందు కనాంగ్ పేర చదివించింది. "గాలి పండించుకుంటుందిలే" అంటే పెళ్లిపందిరంతా నవ్వింది. ఆనాటి నుంచీ కనాంగ్ ఏది అడిగినా "నీ కొండనడుగు" అనే జవాబు. తొలికాన్పు కష్టమై, ఆస్పత్రికి గుర్రబ్బండి కట్టించమని ఏడ్చినప్పుడు కూడా అంతే. వసారాలో తమలపాకు నములుతూ, "బండి నీదా, గుర్రం నీదా? ఈ ఇంట్లో నీదేముందే? నీది ఆ కొండ" అంది. బిడ్డ దక్కలేదు. మొగుడు సితుజు, "అమ్మ నోరంతేలే, పట్టించుకోకు" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడతను కొండదారిలో రొప్పుతూ వెనకాలే వస్తున్నాడు. "సంతకం నీదే గానీ, మాట్లాడేది నేను. వినబడిందా? డబ్బు రాగానే అమ్మకు వసారా పెద్దది చేయిద్దాం."

పైన కంపెనీ అమ్మాయి సితుజును దాటి నేరుగా కనాంగ్ దగ్గరకే వచ్చింది.

"అక్కా, గాలిమరకు రెండు చోట్లు అనుకూలంగా ఉన్నాయి. ఆ వెనక పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ అంచున పెడితే మాత్రం, పొద్దు వాలేటప్పుడు రెక్కల నీడ అదిగో, ఆ దిగువ ఇంటి వసారా మీద తిరుగుతూ ఉంటుంది. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, తల తిరిగిపోతుంది. ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. అది మీ ఇల్లేనా?"

"మాదే! వెనక్కే పెట్టండి" అన్నాడు సితుజు.

"నాది కాదమ్మా" అంది కనాంగ్. "నాది ఈ కొండ. అంచున పెడతామంటేనే సంతకం. లేదంటే గాలిని గాలికే వదిలేస్తాను. ఒప్పుకుంటారో లేదో ఆ ఇంటివాళ్ల ఇష్టం."

"నీకేమైనా మతిపోయిందా? అమ్మ రోజంతా కూర్చునేది అక్కడేనే!"

"తెలుసు."

కింద వసారాలోంచి అత్తగారు పైకి చూస్తూ, ప్రేమగా చెయ్యి ఊపుతోంది.